ఎడమ పక్క సాలు

జూన్ 2, సోమవారం

ట్రాక్టర్ షోరూమ్ వాళ్లు యాకయ్యకు ఇచ్చిన డైరీ ఇది. అట్ట మీద చిన్న ట్రాక్టర్ బొమ్మ ఉంది. "నాకెందుకు గౌసూ, నువ్వు రాసుకో. నీ అక్షరాలు మంచిగుంటయ్" అని నా చేతిలో పెట్టాడు. ముప్పై రెండేళ్లుగా అతని పెద్ద ట్రాక్టర్ తోలుతున్నవాణ్ని నేను. ఇప్పుడు చిన్నదాన్ని బుక్ చేసి, దాని బొమ్మ ఉన్న డైరీ నాకే బహుమానం ఇచ్చాడు. మనిషి మంచివాడే, ఎదుటివాడికి ఏం ఇవ్వాలో ఏం ఇవ్వకూడదో తెలియదు, అంతే.

లోపల పాంప్లెట్ కూడా ఉంది. పొద్దున్నుంచి నాలుగుసార్లు చదివాను. ఇరవై నాలుగు హార్స్‌పవర్, మూడు సిలిండర్లు. బరువు ఎనిమిది వందల కిలోలు. మన పెద్దది రెండు టన్నులు. లిఫ్ట్ ఏడు వందల యాభై కిలోలు ఎత్తుతుందట. నాలుగు చక్రాలకూ పవర్ అందుతుందట, బురదలో దిగబడదట. పవర్ స్టీరింగ్, చంటిపిల్ల కూడా తిప్పొచ్చట. వెడల్పు మూడడుగులు, పత్తి సాళ్ల మధ్య నుంచి మొక్క విరగకుండా పోతుందట. ఈ చివరి మాట కింద యాకయ్య పెన్నుతో రెండు గీతలు కొట్టాడు. ఊళ్లో ఎడ్లు రెండు జతలే మిగిలాయి, సాళ్ల మధ్య కలుపు తీసే గుంటుక తోలేవాళ్లు దొరకడం లేదు. అదీ అతని బాధ.

తోలేది ఎవరని అడిగాను.

"స్రవంతి నేర్సుకుంటదట" అన్నాడు.

స్రవంతి అతని కోడలు. కొడుకు రాజ్‌కుమార్ భూపాలపల్లి బొగ్గు గనిలో ఉంటాడు, ఆదివారం ఆదివారం వస్తాడు. నవ్వాను. ఇంటికొచ్చాక కూడా నవ్వుతుంటే గుల్షన్ "క్యా హువా జీ?" అంది. ఏమీ కాలేదని చెప్పాను.

జూన్ 3

గుల్షన్ నా ఎడమ పక్కన చాయ్ పెట్టి పోయింది. మోచెయ్యి తగిలి ఒలికింది. పెట్టేటప్పుడు చెప్పాలి కదా. చెప్పానంటుంది.

జూన్ 5, గురువారం

వాన బాగా పడింది. నిన్నా ఇవాళా యాకయ్య ఆరెకరాల మెట్ట చెలకలో పత్తి గింజలు పెట్టడానికి గీతలు కొట్టాను. చిన్న ట్రాక్టర్ మధ్యలో తిరగాలి కాబట్టి ఈసారి సాలు సాలుకూ నాలుగు అడుగులు ఉండాలన్నాడు. టేపుతో కొలిచి కల్టివేటర్‌కు మూడు కర్రులు బిగించాను. ఒక్క పోకలో, అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి పోతే, మూడు గీతలు పడతాయి. ఆ మూడింటి మధ్య దూరం ఇనుమే చూసుకుంటుంది, అక్కడ తప్పు జరగదు. ముందటి పోకలో పడిన చివరి గీతకూ కొత్త గీతకూ మధ్య దూరం మాత్రం డ్రైవర్ కన్నే కొలవాలి. టేపు లేదు, తాడు లేదు. తొంభై మూడు నుంచి ఇదే కన్ను.

"గౌసు గీత కొడితే దారం గుంజినట్టే" అని నర్మెట్ట దాకా పేరు. తొంభై మూడులో యాకయ్య తండ్రి ఎర్ర ట్రాక్టర్‌ను ఊళ్లోకి తెచ్చినప్పుడు, స్టీరింగ్ ముట్టుకున్న మొదటివాణ్ని నేనే. మానుకోటలో రైస్ మిల్లు లారీ మీద క్లీనర్‌గా ఉంటే పిలిపించారు. ఆ ఏడు మొదటిసారి గీత కొట్టినప్పుడు పెద్దాయన ఒడ్డు మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని గీత పొడవునా చూశాడు. లేచి తన తలకున్న రుమాలు తీసి నా తలకు చుట్టాడు. ఆ రుమాలు చిరిగి పీలికలయ్యేదాకా నేను వేరేది కట్టుకోలేదు.

ఇవాళ మధ్యాహ్నం కాస్త మసకగా అనిపించింది. ఎండకు అట్లా అవుతుంది.

జూన్ 6

గింజలు పెట్టడానికి పన్నెండు మంది ఆడవాళ్లను ట్రాలీలో తీసుకుపోయాను. ఐలమ్మ కూలి ముఠా. స్రవంతి కూతురు పూజ, ఆరేళ్లది, నేనూ వస్తానని ఏడిస్తే ఎక్కించుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు యాకయ్య ఇంటి గేటు స్తంభానికి ట్రాలీ ఎడమ మూల తగిలి సున్నం పెచ్చు ఊడింది. ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఈ స్తంభం ఎప్పుడు పెట్టారో, దారి మధ్యలోకి.

గుల్షన్‌కు చెప్తే, "పదకొండేండ్ల సంది ఆడనే ఉంది జీ. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ ముచ్చట" అంది.

జూన్ 7

బక్రీద్. మరిపెడ నుంచి కూతురు నజియా, అల్లుడు వచ్చారు. చూపు బాగానే ఉంది.

జూన్ 13, శుక్రవారం

వచ్చింది. నీలం రంగు. లారీ మీంచి పలక వేసి దింపుతుంటే దూడను దింపినట్టుంది. చిల్పూర్ గుట్ట మీది గుడి దాకా తీసుకుపోయి పూజ చేయించి తెచ్చారు. ఇంటి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, యాకయ్య నన్ను పిలిచి, "నీ చేత్తోనే స్టార్ట్ చెయ్యి గౌసూ. తర్వాత పిల్లకు నేర్పు" అన్నాడు.

తాళం తిప్పాను. చప్పుడే లేదు. పెద్దది స్టార్ట్ అయితే చిట్యాలవాగు అవతల కొంగలు లేచేవి. అయినా దిగలేక దిగాను, సీటు మెత్తగా ఉంది. నిజం చెప్పాలంటే గేర్ వెన్నలా పడింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు, దీనికి కూత కూడా లేదు. ఈ మాట బయట ఎవరితోనూ అనను.

పెద్దది వచ్చిన రోజు ఊరంతా వెనక పరుగెత్తింది. ఆ మాఘంలోనే నలభై మందిని ట్రాలీలో కుక్కి మేడారం జాతరకు తీసుకుపోయాను. కింద వరిగడ్డి పరిచి, దాని మీద బొంతలు, బొంతల మీద మనుషులు, మనుషుల మీద కోళ్లు. పస్రా అడవిలో దారంతా ట్రాలీలే. ముసలివాళ్లు పాట ఎత్తుకుంటే వెనక బండివాళ్లు అందుకునేవాళ్లు. ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. రాజ్‌కుమార్ పుట్టిన రోజు కూడా వానలో వాళ్లమ్మను ఇదే ట్రాలీలో జనగామ దవాఖానకు చేర్చాను. గేటు దాటగానే ఏడుపు వినిపించింది. ఇంకో ఫర్లాంగు ఉంటే నా ట్రాలీలోనే పుట్టేవాడు. ఇప్పటికీ వాడు సొంత బాబాయినన్నట్టు నన్ను చిచ్చా అంటాడు, వాడి పెళ్లాం కూడా అదే అంటుంది.

జూన్ 16

స్రవంతికి నేర్పుతున్నాను. క్లచ్ మీద కాలు అట్లాగే పెట్టి ఉంచుతుంది. అరిచాను. "ఒక్కసారి మంచిగ చెప్పు చిచ్చా, మల్ల తప్పు చేస్తే అప్పుడు ఒర్లు" అంది. మళ్లీ చెప్పాను. మళ్లీ తప్పు చేయలేదు.

జూన్ 18

పిల్ల బాగానే నేర్చుకుంటోంది. మలిపేటప్పుడు రెండు పక్కలా మెడ తిప్పి చూస్తుంది, కోడిపిల్లలా. అంత అవసరం లేదన్నాను.

జూన్ 21

పత్తి మొలిచిందట. చూసి రమ్మని గుల్షన్ అంది. నడుము నొప్పి.

జూన్ 24

నడుము నొప్పి.

జూలై 1, మంగళవారం

చిన్న ట్రాక్టర్ వెనక గుంటుక కట్టి స్రవంతి మొదటిసారి చెలకలోకి దిగింది. యాకయ్య, నేను ఒడ్డు మీద ఉన్నాం. మొదటి రెండు సందుల్లో బాగా పోయింది. చక్రానికి మొక్కకు మధ్య జానెడు జాగా. యాకయ్య నా భుజం మీద చరిచి, "సూస్తివా గౌసూ, పాంప్లెట్ల అబద్ధం రాయలే" అన్నాడు.

మూడో సందులో సగం దూరం పోయాక మొక్కలు చక్రం కిందికి వచ్చాయి. ఆపమని అరిచేలోపు పది గజాల సాలు నేలకు అతుక్కుపోయింది. వెనక్కి తీసి ఇంకో సందులో దిగింది. కొన్ని బాగా పోయాయి, కొన్నింట్లో మళ్లీ అదే. ఆఖరికి నాలుగు సాళ్లు పాడయ్యాయి.

యాకయ్య పరుగెత్తాడు. "ఆడామెకు స్టీరింగ్ ఇయ్యద్దురా అంటే ఇన్నడా నా కొడుకు! మూడడుగుల బండి నాలుగడుగుల సందుల పోనియ్యరాదా? కండ్లు యాడ వెట్టుకున్నవ్?"

స్రవంతి దిగి, నలిగిన మొక్క ఒకటి చేతిలో పట్టుకుని నిలబడింది. మామకు ఎదురు చెప్పలేదు. ఒక్కసారి నా వైపు చూసింది.

నేను చెప్పులో దూరిన మట్టిపెళ్ల దులుపుకున్నాను.

జూలై 2

కొత్త డ్రైవర్లు తప్పులు చేస్తారు. నేనూ చేశాను. తొంభై నాలుగులో వరి మడిలో ట్రాక్టర్ దించి ఆరు గంటలు తీయలేకపోయాను. నేర్చుకుంటుంది.

జూలై 3, గురువారం

పొద్దున యాకయ్య మా ఇంటికే వచ్చాడు. గుల్షన్ చాయ్ ఇచ్చింది. "పీర్ల పండుగ అయినంక చిన్నదాన్ని గూడ నువ్వే తోలు గౌసూ. పిల్లతోటి కాదు. కొత్తొక వింత పాతొక రోత అనుకున్న, నాదే తప్పు" అన్నాడు.

నాకు కావలసింది ఇదే. నెల రోజులుగా నమాజులో అడిగింది కూడా ఇదే. అతను పోయాక గుల్షన్‌కు చెప్పి నవ్వాను. ఆమె నవ్వలేదు. "నక్కో జీ, వద్దు. ఆ పొల్ల ఏం పాపం చేసింది?" అంది.

మధ్యాహ్నం పాంప్లెట్ తీసి మళ్లీ చదివాను. వెడల్పు మూడడుగులు. అక్షరాలు రెండుసార్లు తుడిచి చూశాను. కాగితం మీద మరకేమీ లేదు.

జూలై 4, శుక్రవారం

స్రవంతి వచ్చింది. గుల్షన్ లోపల ఉంది. పిల్ల అరుగు మీద నా ఎదురుగా కూర్చుంది. కోపంగా లేదు, అదే నన్ను భయపెట్టింది.

"చిచ్చా, నేను నిన్న టేపు పట్టుకొని చెలక అంత తిరిగిన. ఒక్క పోకల మూడు గీతలు పడ్డయ్ గద, వాటి నడుమ అంతట నాలుగడుగులే ఉన్నయ్. పోకకు పోకకు నడుమ ఉన్న సందులల్లనే తేడా. అవి గూడ అన్నీ కాదు. ఒకటి మంచిగున్నది, దాని తర్వాతది రెండున్నర అడుగులు, మల్ల ఒకటి మంచిగున్నది, మల్లొకటి రెండున్నర."

"అయితే?" అన్నాను.

"నువ్వు తూర్పు దిక్కు పోయేటప్పుడు పాత గీత నీ ఎడమ దిక్కు ఉంటది. మలిపి వచ్చేటప్పుడు కుడి దిక్కు ఉంటది. కుడి దిక్కు ఉన్నయన్నీ దారం లెక్కనే ఉన్నయ్ చిచ్చా. ఎడమ దిక్కు ఉన్నయే దగ్గరైనయ్."

నేను నేల చూస్తూ ఉన్నాను. అంత లెక్క ఆమెకు ఎలా తట్టిందో! ముప్పై రెండేళ్లు తోలినవాణ్ని, నాకు తట్టలేదు. తట్టకూడదని అనుకున్నాను. మొలిచిన చేను చూడ్డానికి పోకుండా నడుము నొప్పి అని రాసుకున్నవాణ్ని.

"మామకు నేను చెప్ప. తిట్లు నేనే తింట, ఏం కాదు. నువ్వే చెప్పుకుంటవో, చెప్పుకోవో నీ ఇష్టం" అంది. లేచి గడప దాకా పోయి ఆగింది. "గని పూజను ఇగ నీ ట్రాలీ ఎక్కియ్యకు."

ఆమె పోయాక కుడి కన్ను చేత్తో మూసుకున్నాను. ఎదురుగా ఉన్న వేపచెట్టు, గోడ, గుల్షన్ ఆరేసిన బట్టలు ఏవీ లేవు. బూడిద రంగు ఒకటే ఉంది. ఈ పని నేను ఉగాది ముందు ఒకసారి చేశాను. ఆ తర్వాత మళ్లీ చేయలేదు.

జూలై 6, ఆదివారం

పీర్ల పండుగ. పొద్దునే యాకయ్య వాళ్లింటి నుంచి ఎప్పటిలాగే బెల్లం షర్బత్ బిందె వచ్చింది. పీర్లు లేచేటప్పుడు ఊరంతా ఉంది. నా పక్కనే యాకయ్య నిలబడ్డాడు. డప్పుల మోతలో చెప్పేద్దామని చెవి దగ్గరికి వంగాను. "ఏంది?" అన్నాడు. "ఏం లేదు, మస్తు జనం వచ్చిండ్రు" అన్నాను.

కన్ను నొప్పి లేదు. అదే నన్ను మోసం చేసింది. నొప్పి ఉంటే దవాఖానకు పోయేవాణ్ని. ఇలా రాస్తున్నాను గానీ ఇదీ అబద్ధమే. నొప్పి ఉన్నా పోయేవాణ్ని కాదు. పోతే తాళం చెవి పోతుంది. ట్రాక్టర్ లేకుండా గౌసంటే ఎవరు, ఎవరి ఇంటికి ఎవడు పిలుస్తాడు? పెళ్లికీ చావుకూ, పంటకూ పండుగకూ ఊరు నా వెనకే కూర్చుని పోయింది. ఆ సీటు వదలాలంటే భయం. ఇంతకాలం రాయనిది ఇదే.

జూలై 7, సోమవారం

చెప్పాను.

షెడ్డులో యాకయ్య ఒక్కడే గుంటుక ఇనుప పాస దగ్గర కూర్చుని మట్టి గీకుతున్నాడు. చిన్నదాన్ని తోలడానికి వచ్చానని అనుకుని తాళం చెవి నా వైపు చాపాడు. తీసుకోలేదు.

"యాకన్నా, సాళ్లు తొక్కింది స్రవంతి తప్పు కాదు. గీతలే వంకరపోయినయ్. గీతలు కొట్టింది నేను. నా ఎడమ కన్ను కనవడ్తలేదు."

అతను మట్టి గీకడం ఆపాడు. "ఎన్నడి సంది?"

"ఉగాదికి ముందటి సంది."

వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత పైకే అన్నాడు. "ఉగాది సంది అంటే... మరిపెడ పెండ్లికి నా చుట్టాలను తీస్కపోయినవ్. వడ్ల మీద కూలోళ్లను కూసోబెట్టుకొని నర్మెట్ట పోయినవ్. గింజలు పెట్టనీకి పన్నెండు మంది ఆడోళ్లను ఎక్కించుకున్నవ్. నాడు పూజ గూడ ఉండె గద?"

"ఉండె."

"గేటుకు కొడితే నవ్వుకున్నం గద మనం?"

"నవ్వుకున్నం."

"సాళ్లు పోతే పోయినయ్, మల్ల పెట్టుకుంటం." గొంతు పెరగలేదు, అరిస్తే బాగుండేది. "మనుషులను ఎక్కించుకున్నవ్ గద గౌసూ. కనవడకుంట మనుషులను ఎక్కించుకున్నవ్. నా మనవరాలిని ఎక్కించుకున్నవ్."

చెయ్యి చాపాడు. జేబులోంచి పెద్దదాని తాళం చెవి తీసి అందులో పెట్టాను. గుమ్మం దాటాక వెనక నుంచి పిలుస్తాడేమో అనుకున్నాను. పిలవలేదు.

జూలై 8

పిలవలేదు.

జూలై 9

గుల్షన్ చాయ్ కుడి పక్కన పెడుతోంది. ఎప్పటి నుంచి అలా పెడుతోందో అడగలేదు.

జూలై 12, శనివారం

స్రవంతి, గుల్షన్ కలిసి నన్ను హన్మకొండలో కంటి దవాఖానకు తీసుకుపోయారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ముసలాయన పెద్ద ట్రాక్టర్ తోలుకుంటూ ఎదురొచ్చాడు. అది మా దానికంటే పాతది. దుమ్ములో కలిసిపోయేదాకా తల తిప్పి చూశాను.

కంట్లో మందు వేసి, ఏవేవో దీపాలు పెట్టి చూశారు. నీటికాసులు అన్నారు. డాక్టరమ్మ చిన్నది, మెల్లగా మాట్లాడింది. "ఎడమ కంటిది పోయింది, అది రాదు. కుడి కంటికి కూడా మొదలైంది. చుక్కలు ఒక్క పూట మానకుండా వేస్తే అది నిలబడుతుంది. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే నేను ఈ మాట కూడా చెప్పలేకపోయేదాన్ని."

బండి తోలొచ్చా అని అడగలేదు. ఇక తోలొద్దని ఆమే చెప్పింది.

బయటికి వచ్చాక స్రవంతి, "నేను ముందుగాల్నే మామకు చెప్పాల్సింది చిచ్చా, నాలుగు దినాలు ఆగిన" అంది. నేను నాలుగు నెలలు ఆగాను. క్షమాపణ అడగాల్సింది నేను. ఆమె తల మీద చెయ్యి పెట్టాను. పిల్ల ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మందు వల్ల అనుకున్నారు అక్కడివాళ్లు.

జూలై 15

చుక్కలు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. వేశాను.

జూలై 18, శుక్రవారం

పొద్దున ఏడింటికి ఇంటి ముందు హారన్ మోగింది. నీలం ట్రాక్టర్, దానికి చిన్న ట్రాలీ, అందులో ఐలమ్మ ముఠా ఎనిమిది మంది. సీటు మీద స్రవంతి.

"ఎక్కు చిచ్చా. మామ రమ్మన్నడు."

"నన్నెందుకు?"

"వంకర సందులల్ల బండి పోతలేదు, చేతితోటే కలుపు తీయాలె. ఎవలు వంకర వెట్టిండ్రో గా మనిషి గూడ వచ్చి తీయాలె అన్నడు. గంతే అన్నడు, ఇంకేమనలే."

పదకొండు రోజుల తర్వాత యాకయ్య నాతో అన్న మొదటి మాట ఇది. ఎదురుపడి అనలేదు, అయినా అన్నాడు. లోపలికి పోయి కొడవలి తెచ్చుకున్నాను. గుల్షన్ ఈ ఒక్కసారికి నవ్వింది.

ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. "మొగోడు కలుపు తీసుడు మా తాతలు గూడ సూడలే" అని ఐలమ్మ అంటే అందరూ పకపకా నవ్వారు. ఐలమ్మ నాకంటే రెండేళ్లు పెద్దది. ముప్పై ఏళ్లుగా నా వెనక ట్రాలీలో కూర్చుని ఆమె ఏం మాట్లాడుతుందో నేను ఎన్నడూ వినలేదు. ఇంజన్ మోత ఒకటే వినేవాణ్ని. ఇవాళ విన్నాను. ఎవరి కోడలికి ఏ నెలో, ఎవరి చేలో పురుగు పడిందో, అన్నీ. నేను మాత్రం మెడ తిప్పి తిప్పి ముందుకే చూస్తున్నాను. మలుపు వచ్చినప్పుడల్లా కుడి కాలు బ్రేకు తొక్కినట్టు ట్రాలీ అడుగును తొక్కుతోంది.

ఐలమ్మ అది చూసింది. "ఏందన్నా గట్ల తొక్కుతున్నవ్? నువ్వు తోల్తుంటె మేం ఏనాడన్న ముందటికి సూసినమా? మేడారం పోయి వచ్చేటప్పుడు రెండు రోజుల నిద్ర నీ ట్రాలీలనే తీసేటోళ్లం. గౌసన్న ఉన్నడు గద అని పండేటోళ్లం."

ఎంతో మంచి మాట. ముప్పై రెండేళ్లలో నాకు ఎవరూ అంత మంచి మాట చెప్పలేదు. వాళ్లు నన్ను నమ్మి కళ్లు మూసుకున్నారు. నాలుగు నెలలు నేను కూడా ఒక కన్ను మూసుకుని వాళ్లను తోలాను.

"అక్కా, నాకు ఉగాది సంది ఎడమ కన్ను కనవడ్తలేదు" అన్నాను. "నాడు మిమ్మల్ని గింజలు పెట్టనీకి తీస్కపోయినప్పుడు గూడ కనవడ్తలేదు. తెలిసే ఎక్కించుకున్న. తప్పయింది."

నవ్వులు ఆగిపోయాయి. చిన్న ట్రాక్టర్‌కు చప్పుడు లేదు కాబట్టి అందరికీ వినిపించింది. ఒకామె ఒళ్లోని మనవణ్ని దగ్గరికి లాక్కుంది. ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిడితే బాగుండని ఎదురుచూశాను. చెలక వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం.

ట్రాక్టర్ ఆగాక ఒక్కొక్కరే దిగిపోయారు. ఐలమ్మ చివర దిగింది. నాలుగు అడుగులు నడిచి, తిరిగి వచ్చి నా ఎడమ పక్కన నిలబడింది.

"దిగు" అంది. "ఈ దిక్కు గుంత ఉన్నది."

ఆమె భుజం పట్టుకుని దిగాను.